పాల కవరు మూల తెంపొద్దు

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ప్లాస్టిక్ గురించి అడగమన్నాం. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగిన సంగతులు ఏరి ఇక్కడ జవాబులిస్తున్నాం. "ప్లాస్టిక్ మంచిదా, చెడ్డదా" అన్న ప్రశ్నలు పక్కన పెట్టేశాం. ఇంట్లో ఇప్పటికే ఉన్న గట్టి డబ్బా, బకెట్టు, క్రేటు పదేళ్ళు వాడితే వాటితో పేచీ లేదు. పలచనిది, మురికిది, కలగలిసినది, ఈ మూడింటితోనే అవస్థ.

ప్రశ్న: మా ఇంట్లో రోజుకు నాలుగు అర లీటరు పాల కవర్లు మిగులుతాయి. గుజిరీ ఆయన మావి వద్దంటాడు, కిందింటావిడవి మాత్రం తూకం వేసి తీసుకుంటాడు. తేడా ఎక్కడుంది? (గృహిణి, కొర్లగుంట, తిరుపతి)

వాసనలో ఉంది. పాల చుక్క మిగిలిన కవరు రెండు రోజుల్లో పులుస్తుంది, వారానికి బూజు పడుతుంది. అలాంటిది గోనెలో ఒక్కటి పడ్డా మిగతా వాటికీ అంటుకుంటుంది. ఆయన పైవాళ్ళకు అమ్మేటప్పుడు ధర తగ్గేది దానివల్లే.

పాలు పోసుకునేటప్పుడే పని మొదలవ్వాలి. కవరు మూల కత్తిరించి ఆ చిన్న ముక్కను తెంపెయ్యకండి. కత్తెర ముప్పావు దాకా పోనిచ్చి, ముక్క కవరుకే వేలాడేట్టు వదిలెయ్యండి. తెగిపడిన ముక్క గోరంత ఉంటుంది. అది సింకులోంచి కాలవలోకి పోతుంది, చెత్త ఏరేవాళ్ళ చేతికి ఎన్నటికీ దొరకదు. రోజుకు నాలుగు చొప్పున ఏడాదికి పద్నాలుగు వందలకు పైగా ముక్కలు మీ ఒక్క ఇంటి నుంచే పోతాయి.

పాలు పోశాక కవరు పైఅంచు మొత్తం కోసి, అర గ్లాసు నీళ్ళు పోసి వెంటనే ఆడించండి. ఆ నీళ్ళు మొక్కలకు పొయ్యొచ్చు. సాయంత్రం కడుగుదామని పక్కన పెడితే పాలమీగడ ఎండి అతుక్కుపోతుంది, తరవాత సబ్బు లేకుండా వదలదు. కడిగిన కవరును తిరగేసి సింకు వెనక టైల్స్ గోడకు అంటించండి, ఆరగానే తనంతట రాలిపోతుంది. ఎండినవి యాభై పోగయ్యాక ఒక కవరులోనే దూర్చి కుక్కి పెట్టండి.

ఒక్కో అర లీటరు కవరు రెండున్నర నుంచి మూడు గ్రాములు తూగుతుంది. అంటే మీ ఇంట్లో కిలో పోగవ్వడానికి మూడు నెలలు పడుతుంది. కిందింటావిడతో కలిసి ఒకే గోనెలో వేస్తే ఇద్దరికీ నయం. నూనె కవర్లు మాత్రం వీటిలో కలపొద్దు. జిడ్డు ఒక కారణం. పైగా కొన్ని నూనె కవర్లలో నైలాన్ పొర ఉంటుంది, పాల కవరుతో కలిపి కరిగిస్తే ఆ పొర కలవక సరుకు చెడుతుంది.

కవర్లతో పాటు గట్టి ప్లాస్టిక్ కూడా గుజిరీకి వేసేవాళ్ళకు ఒక మాట. అడుగున త్రిభుజంలో అంకె గుర్తు లేనిది ఏ రకమో తెలియాలంటే బకెట్టు నీళ్ళు చాలు. రూపాయి బిళ్ళంత ముక్క కోసి, ఒక చుక్క సబ్బు నీళ్ళు రాసి మునగనొక్కండి. సబ్బు ఎందుకంటే, గాలి బుడగలు పట్టుకుంటే మునిగేది కూడా తేలుతుంది. వదలగానే పైకొచ్చేవి మూడు రకాలు (పీపీ, పెట్ లాంటివి ప్లాస్టిక్ రకాల పొట్టిపేర్లు): మూతలు, టిఫిన్ డబ్బాల పీపీ; పాల కవరు ఎల్‌డీపీఈ; షాంపూ సీసాలు, బకెట్ల హెచ్‌డీపీఈ. అడుక్కి పోయేవి నీళ్ళ సీసా పెట్, పైపుల పీవీసీ, పెళుసు గ్లాసుల పీఎస్. లీటరు నీళ్ళలో 150 గ్రాముల ఉప్పు కరిగించి మునిగిన ముక్కల్ని అందులో వెయ్యండి, పీఎస్ పైకి తేలుతుంది, మిగతా రెండూ అడుగునే ఉంటాయి. సీసా అయితే కింద చూడండి: మధ్యలో బొడిపె ఉంటే పెట్, అడ్డంగా అతుకు గీత ఉంటే పీవీసీ అని అనుమానించాలి. ఈ రెండూ కలవకుండా చూడటం ముఖ్యం. పెట్ కరిగే వేడికి పీవీసీ కుళ్ళి ఆమ్లం వదులుతుంది, సరుకంతా పసుపెక్కుతుంది. థర్మోకోల్‌కి ఈ పరీక్ష పనికిరాదు, అది లోపలున్న గాలివల్ల తేలుతుంది.

ప్రశ్న: మాది గాంధీ రోడ్డులో బట్టల అంగడి. సరుకు తెచ్చేవాడు "120 మైక్రాన్ల కవర్లే సార్" అంటాడు. నిజమో కాదో మా అంతట మేం తేల్చుకోవడం ఎలా? (వ్యాపారి, తిరుపతి)

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, కవరు మందం దానితోనే కొలుస్తారు. తక్కెడ ఉంది కదా, అది చాలు. కవరు పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కొలిచి రెండూ గుణించండి. దాన్ని 0.022తో గుణిస్తే 120 మైక్రాన్ల కవరు ఎన్ని గ్రాములుండాలో వస్తుంది. 30కి 40 కవరు 26 గ్రాములు తూగాలి. ఒక్కటి తూస్తే తేడా పట్టదు, పది కలిపి తూయండి, 260 చిల్లర రావాలి. పదీ కలిపి 110 గ్రాములే వస్తే అది యాభై మైక్రాన్ల సరుకు. పిడి కోసం కోసేసిన ముక్క మేరకు బరువు కొద్దిగా తగ్గుతుంది, దానికి కవరుకు ఒకటి రెండు గ్రాములు విడిచిపెట్టండి.

ఇందులో ఒక మోసం ఉంది. సుద్దపొడి కలిపిన కవరు పలచగా ఉన్నా బరువు తూగుతుంది. అంచు పట్టుకుని సాగదీయండి, సాగిన చోట తెల్లగా పాలిపోయి పుటుక్కున తెగితే సుద్ద ఎక్కువన్నమాట. కవరు మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం అచ్చయి గానీ, క్యూఆర్ కోడ్‌లో గానీ ఉండాలన్నది నిబంధన. అవేవీ లేని కట్టను తూచేదాకా రానివ్వక్కర్లేదు. కవరుకు ఉండాల్సిన కనీస మందాన్ని 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెంచారు. పలచని కవరు గాలికెగురుతుంది, కాలవకు అడ్డం పడుతుంది, ఏరినా తూకం రాదు. మందపుది ఖరీదు కాబట్టి ఊరికే ఇవ్వరు, అడిగిన వాళ్ళకే వెళుతుంది.

బట్టల అంగళ్ళలో ఇచ్చే రంగు సంచులు చాలావరకు బట్ట కావు. అవి నాన్‌వోవెన్, అంటే నేయకుండా అతికించిన పాలీప్రొపిలీన్ (పైన చెప్పిన పీపీ) ప్లాస్టికే. ఒక నీటి చుక్క వేసి చూడండి: నూలు బట్ట పీల్చుకుంటుంది, దీని మీద చుక్క ముత్యంలా నిలబడుతుంది. ఇవి చదరపు మీటరుకు 60 గ్రాములకు తక్కువ ఉండకూడదు. అలాగని కొత్త నూలు సంచి కొనిపెట్టడంతో పని అయిపోదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్క ప్రకారం, భూతాపం విషయంలో ఒక పలచని కవరుతో సమానం కావడానికి కొత్త నూలు సంచిని 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి, నేయడానికి పట్టే ఖర్చు అంత. పాత చీరకు ఆ లెక్క వర్తించదు. అయిదున్నర మీటర్ల చీరను అరమీటరు చొప్పున అడ్డంగా కోసి, ఒక్కో ముక్క వెడల్పులో 95 సెంటీమీటర్లు సంచికి, మిగిలిన పట్టీ పిడులకు తీసుకుంటే పది సంచుల దాకా వస్తాయి. పట్టు చీరలు, జారుడు బట్టలు వద్దు, కుట్టు దగ్గర పీలికలవుతాయి.

ప్రశ్న: గంగమ్మ జాతరకు మా వీధి తరఫున మజ్జిగ పోస్తాం. రెండు వేల మంది వస్తారు. ప్లాస్టిక్ గ్లాసులు మానేసి పేపర్ గ్లాసులు తెచ్చాం. ఇది సరేనా? (యువజన సంఘం, తాతయ్యగుంట, తిరుపతి)

సగమే సరి. పేపర్ గ్లాసు లోపల పాలిథిన్ పూత ఉంటుంది, లేకుంటే నీళ్ళకే మెత్తబడిపోతుంది. కాగితాన్నీ పూతనూ విడదీయడం మామూలు గుజిరీ పని కాదు కాబట్టి ఆ గ్లాసులు ఎవరూ కొనరు. మజ్జిగ చల్లది, పూత నుంచి దిగేది తక్కువే కానీ రెండు వేల గ్లాసుల గుట్ట మాత్రం మిగులుతుంది.

స్టీలు గ్లాసులు బాడుగకు తెచ్చుకోండి. రెండు వేలు అక్కర్లేదు. మూడు గంటల్లో రెండు వేల మంది అంటే నిమిషానికి పదకొండు మంది. ఒక గ్లాసు చేతికి వెళ్ళి, తాగి, కడిగి, నీళ్ళు ఓడి మళ్ళీ బల్లమీదికి రావడానికి పది నిమిషాలు. అంటే తిరుగుతూ ఉండేవి 110. ఊరేగింపు వచ్చినప్పుడు ఒక్కసారి మీదపడతారు, కొన్ని పోతాయి కూడా, అందుకని 250 పెట్టుకోండి. మజ్జిగ తలకు 200 మి.లీ. చొప్పున 400 లీటర్లు. కడగడానికి గ్లాసుకు అర లీటరు లెక్కన వెయ్యి లీటర్ల ట్యాంకు.

కడిగే చోట నాలుగు తొట్లు వరసగా పెట్టండి. మొదటిది తొలి కడుగు, రెండోది సబ్బు నీళ్ళు, మూడోది మంచినీళ్ళు, నాలుగోది బ్లీచింగ్ నీళ్ళు. నాలుగో తొట్టిలో 50 లీటర్లకు ఎనిమిది గ్రాముల బ్లీచింగ్ పొడి చాలు, తలగొట్టిన రెండు టీ చెంచాలు. పొడిని నేరుగా తొట్టిలో వెయ్యకండి, తెల్లటి పిప్పి గ్లాసులకంటుతుంది. ఒక మగ్గులో కలిపి పావుగంట తేరనిచ్చి పైన తేట మాత్రం పొయ్యండి. గ్లాసు ఒక నిమిషం మునిగి ఉంటే చాలు, గంటలకొద్దీ ఉంచితే స్టీలుకు చుక్కలు పడతాయి. తీశాక గుడ్డతో తుడవొద్దు, ఆ గుడ్డే మురికి. జల్లెడ గంపలో బోర్లించండి.

మొదటి తొట్టి నీళ్ళు రెండు వందల గ్లాసులకోసారి మార్చాలి. ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే: తొలి తొట్టి చిక్కబడ్డాక కూడా నడిపిస్తే ఆ మజ్జిగ నాలుగో తొట్టి దాకా వచ్చి బ్లీచింగ్ బలాన్ని తినేస్తుంది. నాలుగోది మసకబారితే పారబోసి మళ్ళీ కలపండి. మూత తీసి నెలలుగా పడున్న పొడి అసలు పనిచేయదు, కొత్త పాకెట్ తెచ్చుకోండి.

ఇంకో మాట. మజ్జిగ బల్లకు పది అడుగుల దూరంలో, జనం వెళ్ళే దారిలోనే ఖాళీ గ్లాసుల తొట్టి పెట్టి ఒక మనిషిని నిలబెట్టండి. అక్కడ చెత్తబుట్ట ఉంచకండి. చెత్తబుట్ట కనబడితే చెయ్యి అలవాటుగా గ్లాసును అందులోకే విసురుతుంది. మంచినీళ్ళకు గ్లాసు కూడా వద్దు, చెంబుతో దోసిట్లో పొయ్యండి. చలివేంద్రాల్లో పెద్దవాళ్ళు చేసింది అదే.

ప్రశ్న: చలికాలంలో నీళ్ళ పొయ్యిలో కవర్లు వేస్తే మంట బాగా లేస్తుంది. చెత్తా పోతుంది కదా? (పుంగనూరు)

వద్దు. పొయ్యి వేడికి అది పూర్తిగా కాలదు, పొగగా మారి పొయ్యి ముందు కూర్చున్న వాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందులో పీవీసీ ముక్క ఉంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి, డయాక్సిన్లనే విషాలు వస్తాయి. ఆ బూడిద పెరట్లోనూ చల్లొద్దు.

ప్రశ్న: రెండెకరాల టమోటాకు మల్చింగ్ షీటు (కలుపు రాకుండా నేలమీద పరిచే ప్లాస్టిక్) వేశాం. కాపు అయిపోయింది. పీకితే పీలికలవుతోంది, సగం మట్టిలోనే ఉండిపోతోంది. రోటవేటర్ వేసెయ్యమంటున్నారు. (రైతు, పలమనేరు)

రోటవేటర్ మాత్రం వెయ్యకండి. పీలికలు పోవు, చిన్నవవుతాయి, అంతే. మళ్ళీ ఏరడం ఎవరి వల్లా కాదు. పంట పంటకూ పేరుకుంటే నీళ్ళు దిగే దారికీ వేరుకూ అడ్డం పడతాయి, మేతకు వదిలిన పశువుల కడుపులోకీ చేరతాయి.

ముందు లెక్క చూడండి. 25 మైక్రాన్లు, నాలుగడుగుల వెడల్పు, 400 మీటర్ల చుట్ట పదకొండు కిలోలుంటుంది. వరుసకూ వరుసకూ అయిదడుగులు వదిలితే ఎకరాకు దాదాపు ఏడు చుట్టలు, అంటే మీ రెండెకరాల్లో నూట యాభై కిలోల ప్లాస్టిక్ ఉంది. తీసిన షీటుకు మట్టి అంటుకుంటే తూకం రెట్టింపు పైనే చూపిస్తుంది. కొనేవాడు ఆ మట్టికి కోత పెడతాడు, లేదా అసలు వద్దంటాడు. కాబట్టి చిరగకుండా, మట్టి లేకుండా తీయడమే పని.

ఆఖరి కోత అయిన వారం పదిరోజుల్లోనే తీసెయ్యండి. చెట్లు ఎండిపోయాక ఆకుల నీడ ఉండదు, ఎండ నేరుగా పడి షీటు పెళుసెక్కుతుంది. మీది పీలికలవడానికి ముఖ్య కారణం ఇదే అయ్యుండాలి. మొక్కల్ని పీకకండి, వేరుతో పాటు మట్టిగడ్డ లేచి రంధ్రం దగ్గర చీలుస్తుంది. కొడవలితో షీటు మట్టానికి కోసి కట్టెలు, దారాలు, మొక్కల మోళ్ళు బయటికి మొయ్యండి. తరవాత డ్రిప్ లేటరళ్ళు (మొక్కలకు చుక్కచుక్కగా నీళ్ళిచ్చే పైపులు) లాగి చుట్టలు చుట్టుకోండి, షీటు కింద ఉన్నప్పుడే పార తగిలితే పైపు కూడా పోతుంది.

నేల గట్టిపడి ఉంటే లేటరళ్ళు తీసే ముందురోజు ఓ అరగంట నీళ్ళు వదలండి. బురద కాకూడదు, పదును కావాలి. మరుసటి తెల్లవారుజామున, షీటు చల్లగా ఉండగా మొదలుపెట్టండి. మధ్యాహ్నం వేడికి అది సాగి తెగుతుంది. అంచుల మీద కప్పిన మట్టిని రెండు పక్కలా పారతోనో, ట్రాక్టర్ కల్టివేటర్ ఒక్క పన్నుతోనో విప్పాలి. పన్ను అంచుకు జానెడు ఎడంగా పోవాలి. ఒక చివర ఇద్దరు షీటు ఎత్తి వెదురు బొంగుకు చుట్టుకుంటూ రావాలి, ముందు నడిచే మూడో మనిషి మట్టి దులపాలి. చుట్టను రెండు రోజులు నీడలో ఆరబెట్టి మళ్ళీ ఒకసారి దులపండి.

కొత్త షీటు కొనేటప్పుడు పదిహేను, ఇరవై మైక్రాన్లది చవగ్గా వస్తుందని తీసుకోకండి. అది ఒక్క పంట అయ్యేసరికే చేతికి రాదు. 30 మైక్రాన్లది జాగ్రత్తగా వాడితే రెండో పంటకూ నిలుస్తుంది. పాత రంధ్రాల్లోనే దోస, కాకర, బీన్స్ పెట్టొచ్చు. మిరప, వంగ పెట్టొద్దు, అవీ టమోటా కుటుంబమే, ఎండు తెగులు నేలలోంచి వాటికీ పడుతుంది.

మీ వైపు చెరకు కూడా ఉంది కాబట్టి ఒక అరెకరాలో చెరకు ఆకు పరిచి చూడమంటాం. రెండు మూడు అంగుళాల మందం, మొక్క మొదలుకు నాలుగు వేళ్ళు ఎడంగా. కలుపు షీటుతో అణిగినంతగా అణగదు, చెద చూసుకోవాలి. కానీ కాపయ్యాక దున్నేస్తే అయిపోతుంది.

ప్రశ్న: హోటల్లో సాంబారు కవర్లో కట్టిస్తారు. పేపర్ కప్పులో టీ. వీటిలో ఏది ఎక్కువ చెడ్డది? (కొంగారెడ్డిపల్లి, చిత్తూరు)

రెండూ ఒక కోవలోవే. వేడి, నూనె, ఎంతసేపు తగిలి ఉంది, ఈ మూడూ కలిస్తే ప్లాస్టిక్‌లోంచి దిగేది పెరుగుతుంది. సాంబారులో మూడూ ఉన్నాయి. టీ కప్పు సంగతి ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో కొలిచారు: 85 నుంచి 90 డిగ్రీల నీళ్ళు 100 మి.లీ. పేపర్ కప్పులో పదిహేను నిమిషాలు ఉంచితే మైక్రాన్ల పరిమాణంలో ఇరవై అయిదు వేల ప్లాస్టిక్ రేణువులు దిగాయి. గాజు గ్లాసు అడగండి, చాలా అంగళ్ళలో ఇంకా ఉంది.

సాంబారుకు రెండు గిన్నెల స్టీలు క్యారియర్ తీసుకెళ్ళండి, కింద అర లీటరు, పైన చట్నీ. వాషరు గట్టిగా లేకపోతే బండి మీద ఒలికిపోతుంది, ఏడాదికోసారి మార్చండి. డబ్బాలోనే ఇస్తామంటే అడుగున త్రిభుజంలో 5 అంకె ఉందో లేదో చూడండి, అది పీపీ, వేడికి నిలుస్తుంది. 1 ఉన్న పెట్ డబ్బా డెబ్బై డిగ్రీలకే మెత్తబడుతుంది. నల్ల కవరులో తినేది ఏదీ కట్టించుకోవద్దు. రకరకాల పాత ప్లాస్టిక్ కలిపి కరిగించిన సరుక్కి నలుపు వేస్తేనే ఏదీ కనబడదు మరి.

ప్రశ్న: పిల్లలతో చిప్స్ కవర్లు సీసాల్లో కుక్కించి ఇటుకలు చేయిస్తున్నాం. బెంచీ కట్టాలని. (ఉపాధ్యాయుడు, చంద్రగిరి)

మాకు ఈ పని మీద పెద్ద మోజు లేదు. చిప్స్ కవరు రెండు మూడు రకాల పొరలు అతికించినది, కొనేవాడు లేడు, నిజమే. కానీ దాన్ని కుక్కడానికి మీరు వాడే పెట్ సీసా మాత్రం అమ్ముడుపోయేది. దాన్నీ చెత్తలో కలిపేసినట్టు అవుతుంది. పొరల కవర్లను విడిగా పొడిచెత్తలో ఇస్తే సిమెంటు బట్టీకి ఇంధనంగా వెళ్ళే దారి ఉంది. అక్కడ వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది.

చేసేశారు కాబట్టి సరిగా చెయ్యండి. కవర్లు కడిగి బాగా ఎండబెట్టాలి, తడి ఉంటే లోపల కుళ్ళి గ్యాసు పడుతుంది. లీటరు సీసా కుక్కాక 330 గ్రాములకు తగ్గకూడదు, తగ్గితే కూర్చోగానే నొక్కుకుపోతుంది. బెంచీకి సీసాలు బయటికి కనబడకుండా మట్టో సిమెంటో పూయండి. ఎండ తగిలితే సీసా పెళుసెక్కి పగులుతుంది. పొయ్యి దగ్గర, వంటగది గోడల్లో వాడొద్దు.

ప్రశ్న: "మట్టిలో కలిసిపోయే కవరు" అని అమ్ముతున్నారు. పెరట్లో గుంత తీసి పూడ్చాం, ఆర్నెల్లయినా అలాగే ఉంది. (గిరింపేట, చిత్తూరు)

మోసమే అనుకోనక్కర్లేదు. కంపోస్టయ్యే కవర్లను ఐఎస్/ఐఎస్‌ఓ 17088 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించేది 58 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్టు కుప్పలో. పెరటి గుంతలో అంత వేడి పుట్టదు. కవరు మీద ఆ నంబరు లేకుండా ఊరికే "ఎకో" అని ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటే అప్పుడు మోసమని అనుమానించండి. అసలైనదైనా సరే పాల కవర్ల గోనెలో వెయ్యొద్దు, దానితో కలిస్తే ఆ సరుకు చెడుతుంది. తడిచెత్త బండికే ఇవ్వండి.

ప్రశ్న: అలిపిరి మెట్ల దారిలో నడిచి వెళ్తున్నాం, ముగ్గురం. నీళ్ళకు ఏం తీసుకెళ్ళాలి? (నగరి)

ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కొండమీదికి పోనివ్వరు. తలా ఒక లీటరు స్టీలు సీసా చాలు, దారిలో తాగునీటి కొళాయిల దగ్గర నింపుకోవచ్చు. రెండు పొరల ఫ్లాస్కు వద్దు, 3,550 మెట్లెక్కేటప్పుడు ఆ బరువు తెలుస్తుంది. ఒంటి పొర సీసా తీసుకోండి. రాగి సీసా అయితే అందులో మంచినీళ్ళే పొయ్యండి. నిమ్మరసం, మజ్జిగ పోస్తే పులుపుకు రాగి కరుగుతుంది, సగం దారిలో వాంతులు పట్టుకోవచ్చు.